అత్తమ్మ రేడియో, డిజిటల్ ముచ్చట

హన్మకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. "వదినగారూ, మా అత్తమ్మకు 78 ఏళ్లు. చూపు సరిగా ఆనదు. టీవీ ఆమెకు పనికిరాదు. పొద్దున లేస్తే రేడియోనే ఆమెకు తోడు. ఆ రేడియో మొన్న దసరా ముందు మూగబోయింది. బాగుచేసే మనిషి దొరకలేదు. కొత్తది కొందామంటే మావారు 'ఆగు, డిజిటల్ రేడియో వస్తోందట, ఇప్పుడు కొన్నది రేపు మూల పడేయాలి' అంటున్నారు. రెండు నెలలుగా ఆగుతూనే ఉన్నాం. అత్తమ్మ గోడకు ఒరిగి ఊరికే కూర్చుంటోంది. 'నా డబ్బ ఎప్పుడొస్తది బిడ్డా' అని రోజూ అడుగుతోంది. కొనమంటారా, ఆగమంటారా?"

ముందు జవాబు చెప్పేస్తాను. ఆగకండి తల్లీ, ఈ వారమే కొనండి. ఏది కొనాలో, ఎందుకు ఆగనక్కర్లేదో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి. ఎందుకంటే ఈ ప్రశ్న మీ ఒక్క ఇంటిది కాదు. "డిజిటల్ రేడియో వస్తోంది" అన్న మాట మన దేశంలో పదిహేనేళ్లకు పైగా వినబడుతూనే ఉంది. వింటున్నాం గాని, అది మన వంటింటి అరలోకి ఇంతవరకు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే, వచ్చిన రోజున కొనాలో వద్దో ఎవరినీ అడగనక్కర్లేకుండా మనమే తేల్చుకోవచ్చు.

దుకాణంలో దొరికే 'డిజిటల్'

ఉత్తరం చదివాక నేనూ ఒక పూట వరంగల్ చౌరస్తా దగ్గర దుకాణాలు తిరిగొచ్చాను. "డిజిటల్ రేడియో ఉందా?" అని అడిగితే ఒకాయన "ఎందుకు లేదమ్మా" అంటూ తళతళలాడే డబ్బా ఒకటి తీసి ముందుపెట్టాడు. ఎదురుగా ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. పక్కన పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు, బ్లూటూత్, పైన ఒక లైటు కూడా! "గిదే డిజిటల్. నంబరు కనవడ్తది సూడుండ్రి" అన్నాడు. పాపం, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. అంకెలు డిజిటల్‌వే. లోపలున్న రేడియో మాత్రం మామూలు ఎఫ్.ఎం.

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. ముళ్లకు బదులు అంకెలు పెట్టిన గడియారం కాలాన్ని మార్చదు కదా! అలాగే స్టేషన్ నంబరు అంకెల్లో కనబడినంత మాత్రాన అది డిజిటల్ రేడియో కాదు. అసలు డిజిటల్ రేడియోలో స్టేషనే మాటనీ పాటనీ అంకెలుగా మార్చి పంపుతుంది. వాటిని మళ్లీ మాటగా మార్చే ప్రత్యేకమైన చిప్ మన సెట్టులో ఉండాలి. అది లేని సెట్టుకు ఎంత పెద్ద ఏరియల్ కట్టినా ఆ ప్రసారం వినబడదు.

పక్క దుకాణం వాళ్లయితే నవ్వేశారు. "రేడియోలు ఇప్పుడెవరు కొంటరమ్మా, ఫోన్ల వినుండ్రి" అన్నారు. వాళ్లు నవ్వడంలోనూ అర్థముంది. 2001 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 35 ఇళ్లలో రేడియో ఉంది. 2011 లెక్కలకు అది 20కి దిగిపోయింది. అడిగేవాళ్లు లేని సరుకును దుకాణదారు మాత్రం ఎందుకు తెచ్చిపెడతాడు?

మజ్జిగ, పెరుగు

ఇంతకీ డిజిటల్ వల్ల ఒరిగేదేమిటి? మన వంటింటి భాషలో చెప్పుకుందాం.

మామూలు రేడియో మజ్జిగలాంటిది. స్టేషన్‌కు దూరమయ్యే కొద్దీ నీళ్లు కలిసినట్టు పలచబడుతుంది. గరగరమంటుంది, పక్క స్టేషన్ వచ్చి దూరుతుంది. అయినా ఎంత పలచనైనా మజ్జిగ మజ్జిగే. చెవి దగ్గర పెట్టుకుంటే మాట అర్థమవుతుంది. డిజిటల్ పెరుగులాంటిది. తోడుకుందా, గడ్డగా, కమ్మగా ఉంటుంది. తోడుకోలేదా, ఇక అందులో ఏమీ లేదు. సిగ్నల్ బాగున్నంతసేపు ఒక్క గరగర కూడా ఉండదు. ఒక హద్దు దాటి తగ్గిందంటే మాట మధ్యలో చటుక్కున ఆగిపోతుంది. 'సన్నగా వినబడుతోంది' అనే మధ్యస్థం అందులో లేదు.

లాభాలు లేవని కాదు. ఇప్పుడు ఒక స్టేషన్ పట్టే చోట డిజిటల్‌లో రెండు మూడు కార్యక్రమాలు పట్టించవచ్చు. స్టేషన్‌కు కరెంటు ఖర్చు బాగా తగ్గుతుంది. పాట పేరు, వార్తల ముఖ్యాంశాలు తెర మీద చదువుకోవచ్చు. తుఫానో వరదో వస్తే, వింటున్న కార్యక్రమం నుంచి హెచ్చరిక ప్రసారానికి సెట్టు తనంతట తానే మారే ఏర్పాటు కూడా ఉంది.

కాని ఒక్కసారి ఆలోచించండి. కరెంటు ఆదా స్టేషన్‌కు. ఎక్కువ చానళ్ల లాభం నడిపేవారికి. కొత్త సెట్టు కొనే ఖర్చు మాత్రం మనకు! మన వంతు లాభమేమిటో ఎవరూ మనకు అర్థమయ్యేలా చెప్పలేదు. "శబ్దం స్వచ్ఛంగా ఉంటుంది" అంటారు. ఇదే మాట మా అత్తమ్మ దగ్గర అంటే, "మాటొస్తే సాలు బిడ్డా, గంత సాఫ్‌గ రాకుంటే నాకేం" అంది. ఆమె అడగని సుగుణాన్ని ఆమెకు అమ్మబోతే ఎలా?

1990లో మనం ఎలా మారాం?

మనవాళ్లు కొత్తను ఒప్పుకోరు, అందుకే డిజిటల్ రాలేదు అంటారు కొందరు. ఆ మాట నేను నమ్మను. వరంగల్ ఇల్లాలికి రేడియో మార్చడం కొత్తేమీ కాదు.

ఆకాశవాణి వరంగల్ కేంద్రం 1990లో మొదలైంది. అది ఎఫ్.ఎం. స్టేషన్, 103.5 మెగాహెర్ట్జ్. అప్పటికి మన ఇళ్లలో ఉన్న ట్రాన్సిస్టర్లు చాలావరకు మీడియం వేవ్, షార్ట్ వేవ్ పట్టేవే. వాటిలో హైదరాబాదు, విజయవాడ వినబడతాయి, ఊళ్లో ఉన్న స్టేషన్ వినబడదు! పెరట్లో బావి ఉండి చేద లేనట్టన్న మాట. ఇవాళ డిజిటల్‌కు వచ్చిన చిక్కే ఆ రోజు ఎఫ్.ఎం.కూ వచ్చింది. ప్రసారం ఉంది, పట్టే సెట్టు లేదు.

మరి ఎలా దాటాం? నాకు గుర్తున్నంతవరకు ఎఫ్.ఎం. కోసమే ఎఫ్.ఎం. సెట్టు కొన్నవాళ్లు తక్కువ. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన అన్నలూ బావలూ తెచ్చిన టూ ఇన్ వన్‌లలో క్యాసెట్ పక్కనే ఎఫ్.ఎం. కూడా ఉండేది. పెళ్లిలో పెట్టడానికి టేపు రికార్డరు కొంటే అందులో ఎఫ్.ఎం. కలిసొచ్చింది. తర్వాత అరచేతిలో పట్టే చిన్న ఎఫ్.ఎం. సెట్లు సంతల్లో దొరికాయి. 2000 తర్వాత గుండీల సెల్‌ఫోన్లలో ఎఫ్.ఎం. వచ్చింది. చెవిలో పెట్టుకునే తీగే దానికి ఏరియల్. పత్తి చేలల్లో, బీడీలు చుట్టే అరుగుల మీద ఆ ఫోన్లే మోగాయి.

రెండో కారణం ఇంకా పెద్దది. అందులో మన యాస, మన ఊరి పేర్లు, మన బతుకమ్మ పాటలు వినబడ్డాయి. పక్కింటి మనిషి మాట్లాడుతున్నట్టుంటే చెవి తనంతట తానే అటు తిరుగుతుంది.

మూడోది, ఎవరూ మనల్ని బలవంతపెట్టలేదు. ఎఫ్.ఎం. వచ్చిందని మీడియం వేవ్ ఆపేయలేదు. పాత డబ్బా పనిచేస్తూనే ఉంది, కొత్తది పక్కన చేరింది. తొందర లేదు కనుక భయమూ లేదు.

ఇంకా వెనక్కి వెళితే, మన పెద్దవాళ్లు కూడా కావలసినదాని కోసం ముల్లు తిప్పినవాళ్లే. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గిపోయాయి. జనం ఏం చేశారు? చక్కగా రేడియో సిలోన్ పెట్టుకున్నారు. సముద్రం అవతలి నుంచి వచ్చే ఆ పాట కొంత తేలిపోయేది, కొంత మాయమయ్యేది. అయినా విన్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణే వివిధ భారతి ప్రారంభించాల్సి వచ్చింది. గరగరను ఓర్చుకుంటాం గాని, నచ్చని కార్యక్రమాన్ని ఓర్చుకోం. ఇది శ్రోతల స్వభావం.

ఒకసారి చెయ్యి కాలింది

డిజిటల్ రేడియో తెలుగువాళ్లకు అసలే తెలియదనుకోకండి. వరల్డ్‌స్పేస్ అనే సంస్థ ఆసియా కోసం 2000లో ఒక ఉపగ్రహాన్ని పైకి పంపింది. ఆకాశం నుంచి నేరుగా ఇంట్లోకి డిజిటల్ పాటలు! అందులో తెలుగుకు 'స్పందన' అనే చానల్ ఉండేది. కర్ణాటక సంగీతానికీ, భక్తి పాటలకూ వేరే చానళ్లు ఉండేవి. ఎ.ఆర్. రెహమాన్‌గారు దానికి ప్రచారం చేశారు. మధ్యలో ప్రకటనల గోల లేకుండా పాట వింటుంటే ఎంత హాయి అని చెప్పుకున్నవాళ్లున్నారు.

కాని దానికి వేరే సెట్టు కొనాలి. కిటికీలోంచి ఆకాశం వైపు చిన్న ఏరియల్ తిప్పి పెట్టాలి. పైగా చందా కట్టాలి. అయినా దేశంలో చాలామంది చందాదారులుగా చేరారు. 2008లో మాతృసంస్థ దివాలా తీసింది. 2009 డిసెంబర్ 31తో మన దేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. ఆ సెట్టు ఇంకో స్టేషన్‌కు పనికిరాదు. వేలు పోసి కొన్న పెట్టె తెల్లారేసరికి అలంకారం డబ్బా అయింది.

పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. "ఆగు, రేపు ఏమవుతుందో" అంటున్న మన సోదరి భర్తగారిని నేను తప్పుపట్టను. ఒక్క సంస్థ మీదే ఆధారపడ్డ సెట్టు కొనేటప్పుడు ఆ అనుమానం ఉండాల్సిందే.

పెళ్లి, పిచ్చి

ఇక ఆకాశవాణి సంగతి. మన ప్రభుత్వం ఎంచుకున్న డిజిటల్ పద్ధతి పేరు డిజిటల్ రేడియో మోండియాల్, పొట్టిగా డీ.ఆర్.ఎం. 2009లో షార్ట్ వేవ్ మీద ప్రసారాలు మొదలయ్యాయి. తర్వాత దేశమంతటా మీడియం వేవ్ మీద 35 డీ.ఆర్.ఎం. ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. ఇది చిన్న పని కాదు. ఇంత పెద్ద ఏర్పాటు ప్రపంచంలో ఎక్కువ చోట్ల లేదు.

ఇల్లు కట్టారు సరే, తాళం చెవి ఏది? డీ.ఆర్.ఎం. పట్టే ఇంటి సెట్లు మన దేశంలోనూ కొన్ని తయారయ్యాయి. కాని ధర వేలల్లో ఉంది, ఊళ్లో దుకాణానికి రాలేదు. మామూలు సెట్టు కొన్ని వందల్లో వస్తుంటే, ఏం వినబడుతుందో తెలియకుండా అన్ని వేలు ఎవరు పెడతారు? తయారీదారులను అడిగితే "కొనేవాళ్లుంటే చౌకగా చేస్తాం" అంటారు. కొనేవాళ్లు "చౌకైతే కొంటాం" అంటారు. ప్రసారం చేసేవాళ్లు "వినేవాళ్లుంటే కొత్త కార్యక్రమాలు పెడతాం" అంటారు. వినేవాళ్లు "కార్యక్రమాలుంటే వింటాం" అంటారు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు!

ఇంకో మాట. మన ఇళ్లు మీడియం వేవ్‌ను వదిలి ఎఫ్.ఎం.కు మారిపోయిన తర్వాత ఆ మీడియం వేవ్‌కే డిజిటల్ తెచ్చారు. అత్తగారు కాపురం మార్చాక పాత ఇంటికి రంగులు వేయించినట్టయింది.

ఒక్క చోట మాత్రం డీ.ఆర్.ఎం. చల్లగా చేరింది. కార్లలో! కొత్త కార్లు కొన్నింటిలో కంపెనీవాళ్లే ఆ రేడియో పెట్టి ఇస్తున్నారు. దేశంలో అలాంటి కార్లు 60 లక్షలకు పైగా ఉన్నాయని డీ.ఆర్.ఎం. కన్సార్షియం లెక్క. కారుతో కలిసొచ్చింది కనుక ఎవరూ వేరే డబ్బు పెట్టనక్కర్లేకపోయింది. వెనకటి టేపు రికార్డరు కథే ఇది. కాని కారు లేని ఇళ్ల మాటేమిటి? గోడకు ఒరిగి కూర్చున్న అత్తమ్మ కారెక్కి వార్తలు వినదు కదా!

లండన్ వంటింట్లో ఏం జరిగింది?

బయటి దేశాల సంగతి కూడా కాస్త చూద్దాం. బ్రిటన్‌లో బి.బి.సి. డిజిటల్ రేడియోను 1995 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. మొదటి కొన్నేళ్లు అక్కడా పట్టించుకున్నవాళ్లు లేరు. సెట్లు అంత ఖరీదు! 2002లో ప్యూర్ అనే కంపెనీ 'ఎవోక్' అనే సెట్టును 99 పౌండ్లకు తెచ్చింది. వంద పౌండ్ల లోపు వచ్చిన మొదటి సెట్టు అదే. చూడడానికి పాతకాలపు చెక్క రేడియోలా, వంటింటి గట్టు మీద ముచ్చటగా ఇమిడేలా చేశారు. పైగా డిజిటల్‌లో తప్ప ఇంకెక్కడా రాని కొత్త చానళ్లను బి.బి.సి. అదే సంవత్సరం ప్రారంభించింది. అప్పుడు కదిలింది బండి. అయినా అక్కడ రేడియో వినే సమయంలో సగానికి పైగా డిజిటల్ అయ్యేసరికి 2018 వచ్చింది. అంటే 23 ఏళ్లు! మనవాళ్లు నిదానమని నొచ్చుకోనక్కర్లేదు.

నార్వే ఇంకో దారి పట్టింది. 2017లో దేశవ్యాప్త ఎఫ్.ఎం. ప్రసారాలు ఆపేసింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. పాత కార్లున్నవాళ్లు చేతి డబ్బు పెట్టి అడాప్టర్లు కొనుక్కోవాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వ రంగ రేడియో 2024 డిసెంబర్ 31న ఎఫ్.ఎం. కట్టేసింది. ఇంటింటా డిజిటల్ సెట్లున్న సంపన్న దేశమది. అక్కడ కూడా ఆ తర్వాత శ్రోతలు చెప్పుకోదగ్గంతగా తగ్గారు. పాత పొయ్యి ఆర్పేస్తే అందరూ కొత్త పొయ్యి కొంటారనుకున్నారు. కొందరు ఆ ఇంట్లో భోజనమే మానేశారు.

ఫోనుంది కదా అంటారా?

"ఇంత రాద్ధాంతం దేనికి, ఆకాశవాణి స్టేషన్లన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా" అని మా అబ్బాయే అన్నాడు. నిజమే. ఆకాశవాణి యాప్‌లో 200కు పైగా చానళ్లున్నాయి. చదువుకున్న పిల్లలకు, ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు అది వరమే. అమెరికాలో ఉన్న కూతురు కూడా మన స్టేషన్ వినొచ్చు.

కాని సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు చూడండి. రెండు చేతులూ పిండిలో ఉంటాయి. ఆ సమయంలో తెర మీద వేలు పెట్టే వీలెక్కడిది? రేడియో అయితే ఒకసారి పెడితే తన మానాన తను మాట్లాడుతుంది. దానికి డేటా అక్కర్లేదు, నెలనెలా రీచార్జి అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. చూపు ఆనని పెద్దావిడకు నున్నటి అద్దం మీద బొమ్మలు వెతకమంటే ఎలా? గుండీని చేత్తో తడిమి తిప్పుకోవడం ఆమెకు యాభై ఏళ్ల అలవాటు.

ఇంకో పెద్ద సంగతుంది. 2023 జులై చివర్లో మన వైపు కురిసిన వాన మరిచిపోయారా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీళ్లలో మునిగింది. వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి పడవలు వచ్చాయి. అలాంటి రాత్రి కరెంటు పోయి, ఫోను చార్జింగ్ అయిపోయిందనుకోండి. ఏ దారి తెగింది, ఎటు వెళ్లాలి అన్నది చెప్పడానికి రెండు సెల్లులు వేసిన రేడియో కన్నా మేలైన తోడు ఏముంది? 2023లోనే కేంద్ర ప్రభుత్వం ఫోన్ల కంపెనీలకు 'మీ ఫోన్లలో ఎఫ్.ఎం. తీసేయకండి, ఉన్నదాన్ని పనిచేయనివ్వండి' అని సూచించింది కూడా ఇందుకే.

కనుక రేడియో పాతబడిందా, కొత్తబడిందా అన్నదానికన్నా ముందు చూసుకోవలసింది ఒకటుంది. డబ్బు కట్టకుండా, చదువు అక్కర్లేకుండా, ఏ ఇంట్లోనైనా వినబడే ఆ మాట నిలబడాలి. డిజిటల్ దాన్ని నిలబెడితే రెండు చేతులా ఆహ్వానిద్దాం. పేదింటి నుంచీ పెద్దవాళ్ల నుంచీ దూరం చేసేదైతే, ఎంత స్వచ్ఛంగా మోగినా ఏం లాభం?

మన ఊరికి ఎప్పుడు?

2025 అక్టోబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు రేడియోల డిజిటల్ ప్రసారాలపై ప్రభుత్వానికి సిఫార్సులు పంపింది. ముందుగా 13 పెద్ద నగరాల్లో మొదలుపెట్టమంది. అందులో హైదరాబాద్ ఉంది, వరంగల్ లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద మామూలు ఎఫ్.ఎం. ఒకటి, డిజిటల్ చానళ్లు మూడు కలిపి నడపమంది. దేశమంతటికీ ఒకటే సాంకేతిక పద్ధతి ఉండాలంది. పాత ప్రసారం ఎప్పుడు ఆపాలన్నది డిజిటల్ ఎంతవరకు పాకిందో చూశాకే తేల్చమంది. ఇవి సిఫార్సులు మాత్రమే సుమా!

నాకు ఇందులో నచ్చింది పాతా కొత్తా పక్కపక్కన నడవాలన్న మాట. దేశానికంతటికీ ఒకటే పద్ధతి ఉండడమూ మంచిదే. అప్పుడు ఒక సెట్టు ఒక కంపెనీతో పాటు చచ్చిపోదు. కాని సిఫార్సులు అమలై, హైదరాబాద్‌లో నిలదొక్కుకుని, ఆ తర్వాత కాజీపేట దాటి మన దగ్గరకు రావాలి. అంతకాలం అత్తమ్మను మాట లేకుండా కూర్చోబెడతామా?

కొనేముందు ఇవి చూసుకోండి

సోదరికీ, ఇలాగే ఆగిపోయిన ఇతర ఇళ్లకూ నా సలహాలివి.

ఇప్పుడు కొనవలసింది మామూలు ఎఫ్.ఎం. సెట్టు. మీడియం వేవ్ కూడా ఉంటే మరీ మంచిది. కరెంటుతోనూ, దుకాణంలో దొరికే మామూలు సెల్లులతోనూ నడిచేది చూడండి. లోపలే అమర్చిన బ్యాటరీ ఒక్కటే ఉంటే, అది పాడైన రోజు సెట్టు కూడా పాడైనట్టే.

పెద్దవాళ్లకైతే చేత్తో తిప్పే గుండీలున్నది తీసుకోండి. లైట్లు, పెన్‌డ్రైవ్, మెరుపులు వాళ్లకు పనికిరావు, తికమక పెడతాయి.

దుకాణదారు "డిజిటల్" అంటే, "అంకెలు డిజిటలా, ప్రసారం డిజిటలా?" అని అడగండి. డబ్బా మీద డీ.ఆర్.ఎం. అని లేకపోతే అది మామూలు సెట్టే. మామూలు ధరే ఇవ్వండి.

రేపు నిజమైన డిజిటల్ సెట్టు వచ్చినా మూడు సంగతులు తేల్చుకోందే డబ్బు తీయకండి. మన ఊళ్లో, మన ఇంటి గోడల మధ్య వినబడుతుందా? దుకాణంలో కాదు, ఇంటికి తెచ్చి వినిపించమనండి. పాత ఎఫ్.ఎం. కూడా అందులో వస్తుందా? ఇప్పుడు లేని కార్యక్రమం ఏదైనా అందులో కొత్తగా దొరుకుతుందా? మూడింటికీ 'అవును' అని వస్తేనే కొనండి. ఆ రోజు కొన్నా ఇప్పటి సెట్టును పారేయకండి. వానాకాలంలో అక్కరకొస్తుంది.

చూపు ఆననివారికి ఒక చిట్కా. ఇష్టమైన స్టేషన్ దగ్గర ముల్లు ఆపి, తిప్పే గుండీ కదలకుండా చిన్న టేపు ముక్క అతికించండి. ఆన్ చేసే మీట మీద ఫెవికాల్‌తో ఒక బియ్యపు గింజ అంటించండి. వేలికి గింజ తగిలితే చాలు, చీకట్లోనైనా పెట్టుకుంటారు. వారం రోజులు వాడకపోతే సెల్లులు తీసి పెట్టండి, కారి సెట్టు పాడవకుండా ఉంటుంది.

డిజిటల్ రేడియో నడిపించే పెద్దలకు కూడా ఒక ఇల్లాలిగా ఒక్క మాట చెప్పాలనుంది. ఎంత శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ పెట్టారన్నది మాకు తెలియదు. వెయ్యి రూపాయల లోపు సెట్టు, అందులో మా యాసలో ఒక మంచి కార్యక్రమం, పాతది ఆపబోమన్న మాట. ఈ మూడూ ఇవ్వండి. మిగతా ప్రచారమంతా మేమే చేసిపెడతాం. ఒక వాడలో ఒక వంటింట్లో మోగితే పక్కింటికి తెలియడానికి ఎంతసేపు?

ఇది ముగించే వేళకు ఆ సోదరి దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ఎదురుచూడలేక చిన్న ఎఫ్.ఎం. సెట్టు తెచ్చేశారట. "పొద్దున సెట్టు పెట్టగానే అత్తమ్మ 'ఉష్... మాట్లాడకుండ్రి, వార్తలొస్తున్నయి' అంది. రెండు నెలల తర్వాత ఇంట్లో ఆమె మమ్మల్ని కసిరిన మొదటి మాట అది. ఎంత సంతోషమైందో" అని రాశారు.

బియ్యపు గింజ అంటించడం మరిచిపోకండేం!